కళాశాల ఉపకార వేతనాల్లో కోతలు – ప్రజాస్పందన

ప్రభుత్వాలు కళాశాల విద్యార్థులకు ఇచ్చే ఉపకార వేతనాలను, వారి తరఫున కట్టే బోధన రుసుములను తగ్గించినప్పుడు సమాజం ఎలా స్పందించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై నేటి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాగుతున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకమే ఇందులో ప్రధానం. కేంద్ర ప్రభుత్వ పథకాలు, అమెరికాలోని జార్జియా, లూసియానా రాష్ట్రాలు, ఇంగ్లండ్ అనుభవాలు పోలిక కోసం వచ్చాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కోత ఏ దారిలో వస్తే ప్రతిఘటన కూడా ఆ దారినే పడుతుంది. చట్టసభలో బిల్లు పెట్టి కోస్తే జనం చట్టసభ ముందుకొస్తారు. ఉత్తర్వు ఇచ్చి కోస్తే కోర్టుకెళ్తారు. ఏ ఉత్తర్వూ లేకుండా, డబ్బు విడుదల చేయకుండా ఊరుకుంటే మాత్రం ఎవరిని నిలదీయాలో తెలియక ఆ కుటుంబం కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరే నిలబడిపోతుంది. పేదవాడికి ఎక్కువ నష్టం జరిగేది ఈ మూడో దారిలోనే.

కోత రూపాలు

ఉపకార వేతన పథకాన్ని బాహాటంగా రద్దు చేసే ప్రభుత్వాలు అరుదు. ఫీజులు పెరుగుతున్నా చెల్లించే మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టడం మామూలుగా జరిగే పని. మార్కులు, ర్యాంకు, ఆదాయం, స్థానికత, హాజరు వంటి అర్హతలను బిగించడం ఇంకొకటి. ఉచితంగా ఇచ్చే సాయాన్ని అప్పుగా మార్చడం పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ.

మన దగ్గర బలంగా వేళ్ళూనుకున్నది బకాయి. దీన్ని కోతగా ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు. బడ్జెట్‌లో కేటాయింపు ఉంటుంది, పరిపాలనా అనుమతి వస్తుంది, బిల్లు ట్రెజరీకి చేరుతుంది, టోకెన్ కూడా పడుతుంది. సొమ్ము మాత్రం కదలదు. ఫీజు బాకీ తీరలేదని సర్టిఫికెట్లు చేతికి రాక, వచ్చిన ఉద్యోగంలో చేరలేకపోయిన విద్యార్థికి ఆ డబ్బు రెండేళ్ళ తర్వాత విడుదలైతే ఏం ప్రయోజనం? అందుకే ఈ వ్యాసం దీర్ఘకాలపు బకాయిని కూడా కోతగానే లెక్కిస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్

షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పదో తరగతి తర్వాతి చదువుల కోసం ఉపకార వేతనం ఇవ్వడం 1944లో, బ్రిటిష్ పాలన చివరి రోజుల్లోనే మొదలైంది. ప్రభుత్వ కళాశాలల్లో ఫీజు నామమాత్రంగా ఉన్న కాలంలో విద్యార్థికి అసలు భారం హాస్టల్ మెస్ బిల్లు, పుస్తకాలే. ప్రైవేటు ఇంజనీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ కాలేజీలు విస్తరించాక ఫీజే పెద్ద అడ్డుగోడ అయింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలతో పాటు వెనుకబడిన తరగతులు, మైనారిటీలు, ఆర్థికంగా వెనుకబడిన ఇతర వర్గాల పిల్లలకూ వర్తించేలా ఫీజు మొత్తాన్ని తానే కట్టే పద్ధతిని విస్తరించింది. ఇంట్లో అంతకుముందు ఎవరూ ఇంటర్ దాటని కుటుంబాల నుంచి పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల మెట్లెక్కారు. ఈ పథకానికి ఇంత బలమైన జనాదరణ రావడానికి అదే మూలం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొద్ది ఏళ్ళలోనే రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఆరు వందలు దాటాయి. వాటిలో చాలా వాటికి ఖజానా నుంచి వచ్చే ఫీజే ప్రధాన ఆదాయం. బోధన నాణ్యత మీద, బోగస్ ప్రవేశాల మీద విమర్శలు వచ్చాయి. వాటిలో నిజం ఉన్నవీ ఉన్నాయి. కానీ నాణ్యత లేని కాలేజీని మూయించడానికి ప్రభుత్వం దగ్గర తనిఖీ, అనుమతి, అనుబంధ గుర్తింపు వంటి సాధనాలుండగా, విద్యార్థి ఫీజు ఆపడమే సాధనంగా వాడటం అన్యాయం. ఈ రెండు విషయాలను కలిపేసి మాట్లాడే అలవాటు అప్పటి నుంచీ ప్రభుత్వాలన్నిటికీ అబ్బింది.

2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి మరణించిన తర్వాత వచ్చిన కె. రోశయ్య, ఎన్. కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వాల కాలంలో బకాయిలు పేరుకున్నాయి. 2011 ఫిబ్రవరిలో, అప్పటికే కాంగ్రెస్‌ను వీడిన వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ‘ఫీజు పోరు’ పేరుతో వారం రోజుల నిరాహార దీక్ష చేశారు. ఉపకార వేతనాల ప్రశ్న విద్యార్థి సంఘాల చేతుల్లోంచి ఎన్నికల రాజకీయాల నడిబొడ్డుకు చేరడంలో ఈ దీక్షది ముఖ్యమైన పాత్ర.

2012లో కోత బాహాటంగానే వచ్చింది. కాలేజీని బట్టి వేర్వేరు ఫీజులు ఖరారవుతున్న పరిస్థితిలో, ఇంజనీరింగ్‌లో చేరే బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో ఎంసెట్ ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి పూర్తి ఫీజు, మిగతా వారిలో ఎక్కువ మందికి 35,000 రూపాయలు మాత్రమే చెల్లించే పద్ధతి వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు కొనసాగింది. లక్ష రూపాయల ఫీజున్న కాలేజీలో సీటొస్తే 65,000 ఇంటి నుంచి తేవాలన్నమాట. ఎంసెట్ ర్యాంకు కార్పొరేట్ కోచింగ్‌కు డబ్బు కట్టగలిగినవాళ్ళకే ఎక్కువగా దక్కుతుంది కాబట్టి, ఈ షరతు సాయం అవసరం లేనివారికి సాయాన్ని, అవసరమున్నవారికి అప్పును మిగులుస్తుందని బీసీ సంఘాలు, విద్యార్థి సంఘాలు వాదించాయి. ఆ వాదనకు జవాబు ఇప్పటికీ రాలేదు. బీసీ ఉద్యమ నేత ఆర్. కృష్ణయ్య ఏళ్ళ తరబడి ఈ అంశం మీద ధర్నాలు, కలెక్టరేట్ల ముట్టడులు నడిపారు. 2012 ఆగస్టులో జగన్మోహన్ రెడ్డి తల్లి వై.ఎస్. విజయమ్మ ఏలూరులో ‘ఫీజు దీక్ష’ చేశారు.

తెలంగాణ

కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండు నెలల్లోపే, 2014 జులై చివర, ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో ‘ఫాస్ట్’ అనే పథకాన్ని ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 1956 నవంబరు 1కి ముందు నుంచి తెలంగాణలో స్థిరపడిన కుటుంబాల పిల్లలకే సాయం అన్నది దాని షరతు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన లక్షల మంది విద్యార్థులు తమ తాతల నాటి స్థిరనివాసాన్ని నిరూపించుకోవాల్సిన స్థితి వచ్చింది. అసలు తెలంగాణ కుటుంబాలకే అరవై ఏళ్ళ కిందటి కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి? భూమి లేనివాడికి పహాణీ ఉండదు, బడికి పోనివాడికి సర్టిఫికెట్ ఉండదు. స్థానికేతరులను ఉద్దేశించిన షరతు మొదట తగిలేది స్థానిక పేదకే అన్న సంగతి ఆ చర్చలో త్వరగానే పైకి వచ్చింది. హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి, న్యాయమూర్తుల నుంచి సూటి ప్రశ్నలు ఎదురయ్యాయి. 2015 ఆరంభంలో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకుని పాత పద్ధతికే తిరిగింది. ఉత్తర్వు రూపంలో వచ్చిన కోతను ఎదుర్కోవడం ఎంత సులువో దీన్ని బట్టి తెలుస్తుంది. కొట్టేయమని అడగడానికి ఒక నంబరున్న కాగితమంటూ ఉంది.

ఆ తర్వాతి దశాబ్దంలో అలాంటి కాగితం లేదు. 35,000 పరిమితి అలాగే ఉండిపోగా, చెల్లింపులు ఒక ఏడాది నుంచి రెండేళ్ళకు, రెండేళ్ళ నుంచి అంతకు మించి వెనకబడ్డాయి. ప్రభుత్వం నుంచి రావాల్సిన సొమ్మును కాలేజీ విద్యార్థి దగ్గర అడుగుతుంది. కట్టలేకపోతే టీసీ, మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆగుతాయి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పినా అది అమలవుతున్న చోట్లు తక్కువ. కూతురి సర్టిఫికెట్ విడిపించుకోవడానికి మెడలో పుస్తెలతాడు కుదువ పెట్టిన తల్లి చేసిన అప్పు ఏ ప్రభుత్వ బకాయిల పట్టికలోనూ కనిపించదు. ప్రభుత్వం తర్వాతెప్పుడో కాలేజీకి చెల్లిస్తే, ముందే కట్టించుకున్నది తిరిగి ఇచ్చే కాలేజీ ఉంటుంది, ఇవ్వనిదీ ఉంటుంది.

2025లో నిరసన ఇంకో మలుపు తిరిగింది. విద్యార్థుల కంటే ముందు ప్రైవేటు కాలేజీల యాజమాన్యాల సమాఖ్య రోడ్డెక్కింది. సెప్టెంబరులో కాలేజీల మూసివేతకు పిలుపునిచ్చి, ప్రభుత్వ హామీతో వాయిదా వేసింది. హామీ మేరకు నిధులు రాలేదంటూ నవంబరు 3 నుంచి నిరవధిక బంద్ చేపట్టింది. అధ్యాపకులకు నెలల తరబడి జీతాలివ్వలేకపోతున్నామన్నది వారి వాదన. కాలేజీల మీద విజిలెన్స్ తనిఖీలు జరిపిస్తామని ప్రభుత్వం వైపు నుంచి మాట వచ్చింది. కొద్ది రోజులకు ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్కతో చర్చల అనంతరం, కొన్ని వందల కోట్ల విడుదల హామీ మీద బంద్ ముగిసింది. ప్రభుత్వాన్ని కదిలించగల శక్తి యాజమాన్యాలకు ఉందని ఈ ఘటన చూపింది. కానీ ఆ బేరంలో సర్టిఫికెట్లు ఆగిన విద్యార్థి తరఫున మాట్లాడేవారు లేరు. పైగా బంద్ రోజుల పాఠాలు, పరీక్షలు పోయింది ఆ విద్యార్థికే.

ఆంధ్రప్రదేశ్

విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలుగుదేశం ప్రభుత్వం పరిమితితో కూడిన చెల్లింపునే కొనసాగించింది. 2019లో అధికారంలోకి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం 2020లో ‘జగనన్న విద్యా దీవెన’ పేరుతో పూర్తి ఫీజు, ‘వసతి దీవెన’ పేరుతో భోజన, వసతి ఖర్చులకు కోర్సును బట్టి ఏడాదికి 10,000 నుంచి 20,000 వరకు ప్రకటించింది. ఫీజు సొమ్మును మూడు నెలలకొకసారి తల్లి ఖాతాలో వేసి, ఆమే కాలేజీకి కట్టేలా ఏర్పాటు చేసింది. తల్లికి కాలేజీని ప్రశ్నించే అధికారం వస్తుందన్నది దీని వెనకున్న ఆలోచన. మంచి ఆలోచనే. యాజమాన్యాలు మాత్రం కోర్టుకెళ్ళాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు ఈ పద్ధతిని తప్పుబట్టింది, వివాదం అప్పీళ్ళలో సాగింది. ఈ గొడవలో అంతగా పట్టించుకోని అంశం ఇంకొకటి ఉంది. సొమ్ము ప్రభుత్వం నుంచి నేరుగా కాలేజీకి వెళ్తుంటే, ఆలస్యమైనప్పుడు బాకీదారు ప్రభుత్వమే. సొమ్ము తల్లి చేతుల మీదుగా వెళ్తుంటే, వాయిదా తప్పిన ప్రతిసారీ కాలేజీ దృష్టిలో బాకీదారు తల్లి అవుతుంది. 2024లో వచ్చిన తెలుగుదేశం కూటమి ప్రభుత్వం కాలేజీల ఖాతాల్లోకే జమ చేసే పద్ధతికి మళ్ళింది.

ఇదే కాలంలో ఒక వర్గాన్ని పథకం నుంచి పూర్తిగా తప్పించిన ఉత్తర్వు వచ్చింది. 2020 డిసెంబరులో జారీ అయిన జీవో 77 ప్రకారం ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్, వసతి సాయం రెండూ ఆగిపోయాయి. విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ కాలేజీల్లో చేరినవారికే అవి మిగిలాయి. కాగితం మీద ఇది సమంజసంగానే కనిపిస్తుంది. విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి దూరంగా, మండల కేంద్రం పక్కన డిగ్రీ ముగించిన అమ్మాయికి ఎమ్మెస్సీ చదవడానికి అందుబాటులో ఉన్నది ప్రైవేటు కాలేజీ ఒక్కటే అయినప్పుడు, ఈ ఉత్తర్వు అర్థం చదువు ఆపేయమనే. ఎస్ఎఫ్ఐ, ఏఐఎస్ఎఫ్, పీడీఎస్‌యూ వంటి విద్యార్థి సంఘాలు జీవో 77 రద్దు కోరుతూ ఏటా ధర్నాలు చేశాయి. తెలుగుదేశం నేత నారా లోకేశ్ 2023 నాటి యువగళం పాదయాత్రలో దాన్ని రద్దు చేస్తామని చెప్పారు.

2025 మార్చి 12న వైఎస్సార్ కాంగ్రెస్, ఈసారి ప్రతిపక్షంగా, ఫీజు బకాయిల మీద జిల్లా కేంద్రాల్లో ‘యువత పోరు’ నిర్వహించింది. ఆ బకాయిలు మీ ప్రభుత్వం వదిలి వెళ్ళినవేనని పాలక పక్షం జవాబిచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పార్టీ ఏదైనా ఇదే వరస: ప్రతిపక్షంలో ఉండగా దీక్ష, అధికారంలోకి రాగానే బకాయి. తమ పేరు మీద ఇన్ని దీక్షలు జరగడం చూసిన విద్యార్థి తరానికి ఆ దీక్షల మీద నమ్మకం సడలితే తప్పు వారిది కాదు.

కేంద్ర పథకాలు

ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనంలో కేంద్రం వాటా ఒక సంక్లిష్టమైన సూత్రం వల్ల ఏటికేడు కుంచించుకుపోయి పది శాతం దగ్గరికి పడిపోయింది. భారం మోయలేని రాష్ట్రాలు చేతులెత్తేయగా, పంజాబ్ వంటి చోట్ల దళిత విద్యార్థులను పరీక్షలకు రానీయకుండా కాలేజీలు అడ్డుకున్న సందర్భాలు వచ్చాయి. దళిత సంఘాలు, పార్లమెంటు సభ్యులు గట్టిగా అడిగిన మీదట 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 60:40 నిష్పత్తికి ఆమోదం తెలిపింది. ఐదేళ్ళకు మొత్తం వ్యయం 59,048 కోట్లుగా, అందులో కేంద్రం వాటా 35,534 కోట్లుగా ప్రకటించింది.

2015 అక్టోబరులో యూజీసీ, నెట్ అర్హత లేని పరిశోధక విద్యార్థులకు నెలనెలా ఇస్తున్న ఫెలోషిప్పును – ఎంఫిల్‌కు 5,000, పీహెచ్‌డీకి 8,000 రూపాయలు – ఆపాలని నిర్ణయించింది. ఢిల్లీలోని యూజీసీ కార్యాలయం ముందు విద్యార్థులు రాత్రింబవళ్ళు బైఠాయించారు. ‘ఆక్యుపై యూజీసీ’గా పేరొందిన ఆ ఉద్యమం హైదరాబాద్ సహా అనేక విశ్వవిద్యాలయాలకు పాకింది. లాఠీచార్జీలు జరిగాయి. ఫెలోషిప్ కొనసాగింది. 2022 డిసెంబరులో మైనారిటీ పరిశోధకుల మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును ఆపుతున్నట్లు లోక్‌సభలో ప్రకటించినప్పుడు కూడా నిరసనలు వచ్చాయి గానీ ఆ నిర్ణయం మారలేదు.

విదేశీ అనుభవాలు

అమెరికాలోని జార్జియా రాష్ట్రం 1993లో గవర్నర్ జెల్ మిల్లర్ చొరవతో, ప్రభుత్వ లాటరీ రాబడి మీద ఆధారపడి ‘హోప్’ ఉపకార వేతనాన్ని మొదలుపెట్టింది. హైస్కూల్లో ‘బి’ సగటు సాధించినవారికి ప్రభుత్వ కళాశాలలో ట్యూషన్ ఉచితం. మొదట్లో ఉన్న ఆదాయ పరిమితిని కొద్ది ఏళ్ళలోనే ఎత్తేయడంతో అది మధ్యతరగతికి జన్మహక్కులా మారింది. ఫీజులు పెరిగి లాటరీ డబ్బు చాలకపోవడంతో 2011 మార్చిలో గవర్నర్ నేథన్ డీల్ సంతకంతో కోత చట్టమైంది. పూర్తి ట్యూషన్ 3.7 సగటుతో పాటు శాట్‌లో 1,200 తెచ్చుకున్నవారికే. మిగతావారికి అప్పటి ట్యూషన్‌లో సుమారు 90 శాతం. పుస్తకాలకు, ఇతర రుసుములకు ఇచ్చే సాయం పోయింది. అట్లాంటాలోని చట్టసభ భవనం ముందు విద్యార్థులు నిరసన తెలిపారు. మార్కుల గీత పెంచే బదులు ఆదాయ పరిమితిని తిరిగి తెమ్మని జేసన్ కార్టర్ వంటి డెమొక్రాట్లు కోరారు. అది నెగ్గలేదు. ఆ పార్టీ ప్రతినిధుల సభ నాయకురాలు స్టేసీ అబ్రమ్స్ కొన్ని సవరణలు సాధించి బిల్లుకు మద్దతిచ్చారు. ఏడేళ్ళ తర్వాత, 2018లో గవర్నర్ అభ్యర్థిత్వం కోసం ఆమెతో పోటీపడిన స్టేసీ ఎవాన్స్ ఇదే విషయం మీద ఆమెను నిలదీశారు. ఎవాన్స్ హోప్ సాయంతో చదువుకున్నవారే.

జార్జియాలో మరింత తీవ్రమైన దెబ్బ తగిలింది సాంకేతిక కళాశాలల్లో వృత్తి విద్య నేర్చుకునేవారికి. వారికిచ్చే ‘హోప్ గ్రాంట్’ నిలబెట్టుకోవడానికి కావలసిన సగటును 2.0 నుంచి 3.0కి పెంచారు. పగలు పని చేసి సాయంత్రం వెల్డింగ్, నర్సింగ్ నేర్చుకునే వాళ్ళు చట్టసభ ముందుకు రాలేదు. వేల మంది కాలేజీకి రావడమే మానేశారు. ప్రవేశాలు పడిపోయిన లెక్కలు బయటపడ్డాక 2013లో చట్టసభ తిరిగి 2.0కి దించింది. 2023లో గవర్నర్ బ్రయన్ కెంప్ హయాంలో హోప్ మళ్ళీ పూర్తి ట్యూషన్ స్థాయికి చేరింది. ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమ్మింగ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లల కాలేజీ మాట వస్తే హోప్ పేరు రాక మానదు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న పిల్లలకే ఇది వర్తిస్తుంది. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉండి, పిల్లలు భారత్‌లో పుట్టినవారైతే, అక్కడే బడి చదువంతా చదివి ఎన్ని మార్కులు తెచ్చుకున్నా వారికి దక్కదు.

లూసియానాలో చమురు వ్యాపారి పాట్రిక్ టేలర్ ప్రేరణతో వచ్చిన ‘టాప్స్’ పథకానికి 2016లో తొలిసారి నిధుల కోత పడింది. గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్ ఫిబ్రవరిలో టీవీలో మాట్లాడుతూ, బడ్జెట్ లోటు తీరకపోతే విశ్వవిద్యాలయాలు మూతపడి కాలేజీ ఫుట్‌బాల్ కూడా పోతుందని హెచ్చరించారు. 2016-17లో మొదటి సెమిస్టరుకు దాదాపు పూర్తిగా, రెండోదానికి సగం కంటే తక్కువగా చెల్లించారు. బడి దశ నుంచే ఈ సాయాన్ని నమ్ముకున్న తల్లిదండ్రుల నుంచి శాసనసభ్యుల మీద విపరీతమైన ఒత్తిడి వచ్చింది. మరుసటి ఏడాదికి నిధులు పూర్తిగా వచ్చాయి. ఓటు వేసే, ఫోను చేసే, ప్రతినిధి పేరు తెలిసిన వర్గానికి కోత తగిలితే పునరుద్ధరణ ఎంత వేగంగా జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇంగ్లండ్‌లో పేద విద్యార్థులకిచ్చే నిర్వహణ గ్రాంటును పూర్తిగా అప్పుగా మార్చే నిర్ణయాన్ని 2016 జనవరిలో పార్లమెంటు సభ మొత్తం ముందు పెట్టకుండా, కొద్ది మంది సభ్యుల కమిటీ చేత ఆమోదింపజేశారు. అలా దొడ్డిదారిన చేయడమే విద్యార్థులను ఎక్కువ మండించింది. వెస్ట్‌మిన్‌స్టర్ వంతెనను దిగ్బంధించారు. అయినా 2016-17 నుంచి గ్రాంటు పోయింది. పరిమిత స్థాయిలో తిరిగి తెస్తామని లేబర్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది.

స్పందన లేని చోట్లు

పైన చెప్పిన విజయాల్లో ఎక్కువ వాటిలో ఒక గుంపు ఒక చోట కూడగలిగింది. ఢిల్లీ పరిశోధకులకు క్యాంపస్ ఉంది, లూసియానా తల్లిదండ్రులకు ఓటు బలముంది, తెలంగాణ యాజమాన్యాలకు గేటుకు తాళం వేయగల అధికారముంది. చదువు మధ్యలో ఆపేసిన విద్యార్థికి ఇవేవీ లేవు. కాలేజీ వదిలిన రోజునే అతడు విద్యార్థి సంఘం సభ్యత్వాన్నీ వదులుతాడు. తర్వాత ఊళ్ళో పనికో హైదరాబాద్‌లో డెలివరీ ఉద్యోగానికో పోతాడు. ఇంట్లో ఇద్దరు చదువుతూ ఒకరికే ఫీజు కట్టగల పరిస్థితి వస్తే ఎక్కువ ఇళ్ళలో ఆగేది ఆడపిల్ల చదువే. ఉపకార వేతనాల కోత మీద జరిగిన ధర్నాలను లెక్కపెట్టి ప్రజాస్పందనను కొలిస్తే వీళ్ళెవరూ ఆ కొలతలోకి రారు.

హోప్ గ్రాంటు విషయంలో జార్జియా తన తప్పును రెండేళ్ళలో దిద్దుకోగలిగింది. ప్రవేశాలు తగ్గిన అంకెలను నిరసనగా చదవగలగడమే అందుకు కారణం. ఆంధ్రప్రదేశ్‌లో జీవో 77 విషయంలో అలాంటి దిద్దుబాటు త్వరగా రాలేదు. ప్రభుత్వం మారిన తర్వాత, 2025లో కూడా విద్యార్థి సంఘాలు ఆ ఉత్తర్వు రద్దునే తమ ప్రధాన డిమాండ్లలో ఒకటిగా ముందుకు తెచ్చాయి.